పందొమ్మిది డిగ్రీల కార్తీక పౌర్ణమి

మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు. అయినా పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉంది. కెనడాలోని ఏజాక్స్‌లో ఈ ఇల్లు కొన్నప్పుడు అది ఇంటితోపాటే వచ్చింది. వద్దంటే విప్పి పట్టుకుపోయే వస్తువు కాదు గనక ఉంచుకున్నాం. అందులో దాదాపు డెబ్బై వేల లీటర్ల నీళ్ళు పడతాయి. పొడవు, వెడల్పు, రెండు కొసల లోతు కొలిచి నేనే లెక్క కట్టాను. ఇల్లు అమ్మిపెట్టిన ఏజెంటు చెప్పిన అంకె తప్పు. అతను అంతటా ఒకే లోతు అనుకుని గుణించాడు.

జూన్‌లో తెరుస్తాం. జూలై అంతా ఆకులూ చచ్చిన పురుగులూ ఏరుతాం. ఆగస్టులో బంధువులు వచ్చి, ప్యాంట్లు పైకి మడిచి, గట్టు మీద కూర్చుని పాదాలు ముంచి, ఫోటోలు దిగి, "మీకేంటండీ, రిసార్టులో ఉన్నట్టు ఉన్నారు" అని మెచ్చుకుని పోతారు. సెప్టెంబర్‌లో మూస్తాం. ఇన్నేళ్ళలో ఆ నీళ్ళలో మోకాలి పైకి తడిసిన తెలుగువాణ్ణి నేను చూడలేదు. కొన్ని జతల పాదాల కోసం డెబ్బై వేల లీటర్లు.

మూయడమంటే తలుపేసినట్టు కాదు. నీటిమట్టం దించాలి. పైపుల్లో ఉన్న నీటిని గాలితో బయటికి ఊదాలి. బిరడాలు బిగించాలి. పైన కవర్ కప్పాలి. ఒంటారియోలో బుద్ధి ఉన్నవాళ్ళు అక్టోబర్‌లో వచ్చే థాంక్స్‌గివింగ్ లోపల ఈ పని ముగిస్తారు. కారణం చిన్నపిల్లలకు కూడా తెలుసు. నిలిచిన నీరు గడ్డకడితే ఉబ్బుతుంది. అది ఉబ్బితే పైపు చీలుతుంది. మా పైపులు పెరట్లో పరిచిన రాతిపలకల కింద ఉన్నాయి.

ఈ సంగతులన్నీ తెలిసిన ఇంట్లోనే, ఒక సెప్టెంబర్ సాయంత్రం మా ఆవిడ నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈసారి కార్తీక పౌర్ణమి దాకా పూల్ మూయొద్దండీ."

"పౌర్ణమి నవంబర్ మధ్యలో వస్తుంది."

"తెలుసు. ఇన్నేళ్ళ నుంచీ ప్లాస్టిక్ టబ్బులో దీపాలు వదులుతున్నాను. గరాజ్‌లో, వింటర్ టైర్ల పక్కన. పెరట్లో ఇన్ని నీళ్ళు పెట్టుకుని టబ్బులో ఏంటండీ మనకి?"

"నవంబర్‌లో రాత్రిళ్ళు మైనస్‌లోకి పోతుంది. పైపులు పగులుతాయి."

"పగలకుండా ఏదో ఉంటుందటగా. చలి వస్తే పంపు దానంతటదే తిరుగుతుందట. బావగారు చెప్పారు."

బావగారు అంటే నా తోడల్లుడు. మా ఆవిడ అక్కగారి భర్త. డాలస్‌లో పదకొండేళ్ళు ఉండి, గ్రీన్ కార్డు క్యూలో నిలబడి నిలబడి విసిగి, కెనడాకు వచ్చి మాకు మూడు వీధుల అవతల దిగాడు. ఆయన జ్ఞానమంతా డాలస్‌లో నిలవ ఉంది. రోడ్డు మీద మంచు పడితే డాలస్‌లో ఏం చేసేవారో చెబుతాడు. డాలస్‌లో మంచు ఏడాదికి ఎన్నిసార్లు పడుతుందని అడిగితే మాట మారుస్తాడు. పిల్లల చదువు, పళ్ళ డాక్టరు, బాస్మతి బియ్యం, ఏ విషయమైనా "అక్కడ మేము" అని మొదలవుతుంది. ఇంట్లో ఆడవాళ్ళు ఆయన మాటను వేదంలా వింటారు. నేను చెప్పేది కూడా ఆయన నోట మళ్ళీ వస్తే గానీ నమ్మరు.

నేను ఒప్పుకున్నాను, ఒక షరతు మీద.

"ఒక్క పైపు పగిలినా సరే, వసంతంలో లారీతో మట్టి తెప్పించి పూల్ పూడ్చేస్తాను. గడ్డి వేస్తాను. మళ్ళీ దాని మాట ఎత్తకూడదు."

ఆమె నా మొహం చూసింది. నేను వేళాకోళమాడటం లేదని తేల్చుకుంది.

"సరే. పగలకపోతే మాత్రం, మనం ఈ ఇంట్లో ఉన్నంతకాలం ప్రతి ఏడూ పౌర్ణమి దాకా ఉంచాలి. మీరు మళ్ళీ సణగకూడదు."

బేరం కుదిరింది. పూల్ పోతుందో ఉంటుందో పైపుల మీద పడింది. దాన్ని పూడ్చాలని నాకు ఎప్పటినుంచో ఉంది. అయినా నా చేతుల మీదుగా చేసిన పని చెడిపోవడం నాకు ఇష్టం ఉండదు. కనక సరిగ్గానే చేయాలనుకున్నాను.

నేను చదివింది కామర్స్. బ్రాంప్టన్‌లో ఒక గోదాములో ట్రక్కుల లోడ్లు లెక్కగట్టడం నా ఉద్యోగం. నీళ్ళు, వేడి, చలి, వీటి లెక్కలు సొంతంగా నేర్చుకున్నవి. ఆ వారం కూర్చుని లెక్క వేస్తే విషయం తేలికగానే తేలింది. డెబ్బై వేల లీటర్ల నీరు చల్లారడానికి చాలా కాలం పడుతుంది. నవంబర్‌లో కూడా పూల్ మధ్యలో ఐదారు డిగ్రీలు ఉంటుంది. ఆ నీరు పైపుల్లో తిరుగుతున్నంతసేపు పైపులకు ఏమీ కాదు. ఆగిందంటే మాత్రం ముందు పోయేది బయట నేలమీద ఉన్న పంపు, ఫిల్టరు, వాటికి తగిలించిన గొట్టాలు. అవి చిన్నవి. వాటిలో నీరు కొంచెమే. గాలి తగిలితే తొందరగా గడ్డకడుతుంది. కాబట్టి గాలి ఉష్ణోగ్రత మూడుకు దిగగానే పంపు తిరగాలి, ఐదు దాటాక ఆగాలి. దీనికి కావలసింది గాలిలో వేలాడుతూ దాని వేడి కొలిచే ఒక ప్రోబ్, దాని మాట విని పంపు వేసే ఒక డబ్బా, ఆ రెంటి సంగతీ ఫోన్‌కు చెప్పే ఒక యాప్.

అక్టోబర్ మొదట్లో తోడల్లుడు డబ్బా పట్టుకుని వచ్చాడు. కాఫీ తాగుతూ, నిలబడే, ఐదు నిమిషాల్లో ఫోన్‌లో అన్నీ నొక్కేశాడు.

"అయిపోయింది తమ్ముడూ. నువ్వు ఊరికే లెక్కలేసుకుని బుర్ర పాడుచేసుకుంటావ్ గానీ ఇది చాలా సింపుల్. సెట్ చేశామా, మర్చిపోయామా. అక్కడ మేము అలాగే చేసేవాళ్ళం."

"మీకు అక్కడ పూల్ ఉండేదా అన్నయ్యా?"

"కమ్యూనిటీ పూల్."

"దాన్ని మీరు చూసుకునేవారా?"

"చూసుకునేవాళ్ళని చూసేవాళ్ళం కదా."

పంపు వెంటనే తిరగడం మొదలైంది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి ఆ చప్పుడు విన్నాడు. మా ఆవిడ కూడా విని ఆయనకు ఇంకో కప్పు కాఫీ ఇచ్చింది. పంపు ఆ రోజంతా తిరిగింది. రాత్రంతా తిరిగింది. మర్నాడు మధ్యాహ్నం నేను చొక్కాతో బయట నిలబడి ఉన్నాను. ఎండ కాస్తోంది. పదహారు డిగ్రీలు. పంపు తిరుగుతూనే ఉంది. యాప్ తెరిచి చూస్తే ముప్ఫై ఎనిమిది దగ్గర పంపు వేయమని ఆజ్ఞ రాసి ఉంది. డాలస్‌లో ముప్ఫై ఎనిమిది ఫారెన్‌హీట్ అంటే మనకు మూడు. ఈయన సెల్సియస్‌లో ముప్ఫై ఎనిమిది పెట్టాడు. అంటే ఏజాక్స్‌లో గాలి జ్వరమొచ్చిన మనిషి ఒంటి వేడి కంటే తక్కువగా ఉన్నంతకాలం పంపు తిరగాలి. ఫోన్ చేసి చెప్పాను.

"మరీ మంచిది కదా," అన్నాడు. "ఎక్స్‌ట్రా సేఫ్."

తప్పు చేసినవాణ్ణి క్షమించవచ్చు. తప్పును గుణంగా అమ్మేవాణ్ణి ఏం చేయాలో నాకు తెలియదు. నేనే మూడు, ఐదు అని మార్చుకున్నాను.

తర్వాత ప్రోబ్ ఎక్కడ పెట్టాలన్న గొడవ వచ్చింది. నేను దూరంగా, ఫెన్స్ దగ్గర, గాలి ఆడే చోట పెడదామన్నాను. వైరు అంత దూరం రాదని, కొత్త వైరు తేవడమంటే నస అని ఆయన. చివరకు ఇంటి ఉత్తరం గోడ మీద, వెనక తలుపు పక్కన, చూరు కింద కుదిరింది. పంపు ఆ గోడ మూల తిరిగితే ఉంటుంది. నేను రెండు రోజులు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఆ గోడ మీద ఎండ పడుతుందేమో చూశాను. పడలేదు. వాన కూడా తగలదు. సరేనన్నాను. ఎండ గురించి, వాన గురించి అంత ఆలోచించాను.

నవంబర్ వచ్చింది. డబ్బా తన పని తాను చేసింది. చలి రాత్రి పంపు వేసింది, పగలు ఆపింది. వీధిలో మా పూల్ ఒక్కటే కవర్ లేకుండా నీలంగా తెరుచుకుని ఉంది. పూల్ మూసే ఆయన ఫోన్ చేసి, తన లిస్టులో మీ ఇల్లు ఒక్కటే ఎందుకు మిగిలిపోయింది అని అడిగాడు. పండగ ఉందని, పౌర్ణమి తర్వాత రమ్మని చెప్పాను. "నవంబర్‌లో పూల్ పార్టీనా?" అన్నాడు. నీళ్ళ మీద దీపాలు వదులుతాం అన్నాను. ఇన్సూరెన్స్ ఉందా అని అడిగాడు. పండగ మరుసటి సోమవారం వస్తానన్నాడు.

పౌర్ణమికి ముందు రోజు మా ఆవిడ ఒక దీపం వదిలి చూసింది. పంపు తిరుగుతోంది. గట్టు లోపల ఆకుల్ని లాగే చదరపు నోరు ఒకటి ఉంటుంది, దాన్ని స్కిమ్మర్ అంటారు. దీపం మర్యాదగా నీటి మీద ఒక చుట్టు తిరిగి, నేరుగా వెళ్ళి ఆ నోట్లో పడి ఆరిపోయింది.

"అయ్యో, మింగేసింది," అంది మా వదినగారు. మా ఆవిడకు అక్కగారు. ఆమె మనసు మంచిదే గానీ చెయ్యి పెద్దది. నలుగురికి వండమంటే నలభైమందికి వండుతుంది.

"దీపాలు వదిలేటప్పుడు అరగంట పంపు ఆపుతాం," అన్నాను. "అరగంటకు ఏమీ కాదు. తర్వాత అదే తిరుగుతుంది."

"ఆపడం నేను ఫోన్‌లోంచి చేస్తాలే," అన్నాడు తోడల్లుడు.

"నేను చేస్తాను," అన్నాను.

ఆ మాట అంతటితో ఆగింది. ఎవరు చేస్తారన్నది తేల్చలేదు.

పౌర్ణమి శనివారం పడింది. పొద్దున్నుంచీ గాలి. మధ్యాహ్నానికి మైనస్ రెండు, సాయంత్రానికి మైనస్ ఏడు అన్నారు. ఇరవైమందికి పైగా వచ్చారు, బ్రాంప్టన్ నుంచి కూడా. ఆడవాళ్ళు పట్టుచీరల మీద వింటర్ జాకెట్లు వేసుకుని, పసుపు రాసుకున్న పాదాలకు బూట్లు తొడుక్కుని ఉన్నారు. సగంమంది పొద్దున్నుంచీ ఉపవాసం. చంద్రుణ్ణి చూసి, దీపాలు వదిలాక గానీ తినరు. అరటి దొప్పలు దొరకలేదు, ఫాయిల్ కప్పులే దొప్పలయ్యాయి. ఆవునెయ్యి చలికి గడ్డకట్టి కొవ్వొత్తిలా తయారైంది. మూడువందల అరవై ఐదు వత్తుల కట్టలు తెచ్చారు, ఏడాదిలో రోజుకొకటి చొప్పున. లీపు సంవత్సరంలో కూడా అంతే తెస్తారు. అదనపు రోజు వత్తి ఏమైందని ఒకసారి అడిగితే నన్ను నాస్తికుడన్నారు.

ఉపవాసం ఉన్న మనుషుల ఆకలి పెద్దది. గారెలు వేడివేడిగా ఉండాలని వదినగారి పట్టుదల. ఇక్కడ మన ఇళ్ళలో నూనె పొయ్యి ఇంట్లో పెట్టరు. వాసన గోడలకు, కోట్లకు, కార్పెట్‌కు పట్టి పిల్లలు స్కూల్లో మాటలు పడతారని, ఇల్లు అమ్మేటప్పుడు ఎవరూ కొనరని భయం. అందుకని ప్రొపేన్ స్టవ్ బయట పెట్టి వేయిస్తారు, ఎముకలు కొరికే చలిలోనైనా. గాలి తగలని చోటు వెతికి, వెనక తలుపు పక్కన, ఉత్తరం గోడకు ఆనించి, చూరు కింద స్టవ్ పెట్టారు. మూకుడంత మంట. పైన చూరు ఆ వేడిని పట్టి ఉంచింది. అక్కడ నిలబడ్డవాళ్ళు జాకెట్లు విప్పేశారు.

నేను అప్పుడు లోపల కుర్చీలు సర్దుతున్నాను.

ఐదున్నరకు గాలి ఆగింది, చంద్రుడు పక్కింటి పొగగొట్టం మీదకు వచ్చాడు. అందరూ పూల్ దగ్గరకు చేరారు. నేను పంపు ఆపడానికి మూల తిరిగాను. పంపు అప్పటికే ఆగి ఉంది. తోడల్లుడు ముందే నొక్కేశాడనుకున్నాను. ఆయన నా వైపు బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను ఆపాననుకుని మెచ్చుకున్నాడని తర్వాత తెలిసింది. ఇద్దరం ఒకరి పని ఒకరికి అప్పజెప్పి తృప్తిగా ఉన్నాం. దాన్ని ఆపింది వదినగారి మూకుడు.

దీపాలు బాగున్నాయి. ఆ మాట ఒప్పుకోవాలి. నలభై, యాభై దీపాలు నీలం నీళ్ళ మీద నిలబడి ఉన్నాయి. ఎవరూ ఫోటో తీయడానికి కూడా తొందరపడలేదు. మా ఆవిడ గట్టు మీద కూర్చుని నీటిని చేత్తో నెడుతూ ఒక్కొక్కటే సాగనంపింది. ఆమె మొహం నేను అలా చూసి చాలా కాలమైంది. పూడ్చే లారీ సంగతి ఆ నిమిషం నాకు గుర్తు రాలేదు.

తర్వాత అందరూ గారెల మీద పడ్డారు. పంపు తిరగలేదేమని చూడాల్సింది నేను. కానీ సెట్ చేశామా, మర్చిపోయామా అన్న సూత్రం ఎంత గట్టిదంటే, దాన్ని నమ్మనివాడు కూడా దాని ప్రకారమే నడుచుకుంటాడు. చల్లగా ఉంది గనక తిరుగుతుందనుకున్నాను. ఇంట్లో ఉన్న గోలలో చప్పుడు వినబడలేదనుకున్నాను. నాకు పాయసం పంచే పని పడింది.

కప్పుల ట్రే పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళేసరికి తోడల్లుడు సోఫా మధ్యలో కూర్చుని నలుగురికి ఫోన్ చూపిస్తున్నాడు.

"ఇదంతా లైవ్ అన్నమాట. మా తమ్ముడు భయపడ్డాడు గానీ, నేనే పెట్టించాను. ఇదిగో బయట టెంపరేచర్. నైన్టీన్."

బ్రాంప్టన్ నుంచి వచ్చిన ఒకాయన, వరంగల్ వైపు మనిషి, గారె నములుతూ వంగి చూశాడు.

"గిదేంది అన్నా, నవంబర్ల పందొమ్మిదా? మీ ఇంటెన్క సమ్మర్ నడుస్తుందా?"

"మైక్రోక్లైమేట్ అంటారు దాన్ని," అన్నాడు తోడల్లుడు. "పూల్ ఉన్నచోట అలా ఉంటుంది. డాలస్‌లో కూడా చూశాం."

"గట్లయితే నేను బనీన్ మీద పోయి కూసుంట," అన్నాడాయన. అందరూ నవ్వారు.

పందొమ్మిది. ఆ అంకె వినగానే ట్రే ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. ఎదురుగా కిటికీ అద్దం అంచున లోపలే మంచు పేరుకుంది. ఆ గదిలో ఇంజనీర్లు ఆరుగురు ఉన్నారు. పందొమ్మిది చూసి ఒకడు నవ్వాడు, ఒకడు మెచ్చుకున్నాడు, మిగతావాళ్ళు ఇంకో గారె తీసుకున్నారు. నేనూ రెండు గంటలుగా అదే ఇంట్లో తిరుగుతున్నాను. ఆ చూరు కిందకు ఎండ వస్తుందా రాదా అని లెక్కవేసిన నా బుర్రలో గారెలకు చోటు లేకపోయింది.

వెనక తలుపు తీశాను. వదినగారు చెమటలు తుడుచుకుంటూ ఇంకో వాయి వేస్తున్నారు. ఆమె తలకు జానెడు పైన ప్రోబ్ వేలాడుతోంది.

"స్టవ్ ఆపేయండి వదినగారూ."

"ఈ ఒక్క వాయీ మరిదిగారూ. పిండి ఇంకా బోలెడుంది."

నేనే ఆపేశాను. మూల తిరిగితే చలి మొహం మీద కొట్టింది. గోడకు ఇటువైపు పందొమ్మిది, అటువైపు మైనస్ ఏడు. టార్చ్ వేసి చూశాను. పంపు మీద ఉండే గాజులాంటి ప్లాస్టిక్ మూతలోంచి లోపలి నీరు కనిపించాలి. తెల్లగా కనిపించింది. అంచుల చుట్టూ మంచు కట్టింది, మధ్యలో ఇంకా నీరు ఊగుతోంది. పూర్తిగా గట్టిపడలేదు. టైముంది.

మా ఆవిడ వెనకే వచ్చింది. నా మొహం చూసింది, పంపు చూసింది.

"పగిలిందా?"

"ఇంకా లేదు. వేడినీళ్ళు కావాలి. టీ కోసం పెట్టిన గిన్నె తీసుకురా. మరిగే నీళ్ళు వద్దు, చెయ్యి పెట్టగలిగేంత."

ఆమె పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. అప్పుడు తోడల్లుడు, ఆయన వెనక సగం ఇల్లూ బయటికి వచ్చారు. అందరి చేతుల్లోనూ ప్లేట్లున్నాయి.

"ఏమైంది తమ్ముడూ?"

"మీ పందొమ్మిది గారెల పొయ్యిది. పంపు రెండు గంటలుగా ఆగి ఉంది. లోపల మంచు కడుతోంది."

"ఓస్, అంతేనా. ఇప్పుడే ఆన్ చేస్తా ఉండు."

"వద్దు! లోపల గడ్డలున్నాయి, తిప్పితే..."

ఆయన వేలు ఫోన్ మీద పడనే పడింది. పంపు ఒక్కసారి మూలిగింది. లోపల గడ్డలు గిర్రున తిరిగి మూతను గుద్దుకున్న చప్పుడు. తర్వాత టప్ మని ఒక శబ్దం. మూత మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు గీత పడింది. నేను గోడ మీద స్విచ్ లాగేశాను. వరంగల్ ఆయన మెల్లగా అన్నాడు:

"అన్నా, జర ఫోన్ జేబుల పెట్టుకో."

మూత పగిలిన పంపు గాలి పీలుస్తుంది, నీటిని లాగదు. అంటే ఇక ఆ రాత్రి నీటిని తిప్పి పైపుల్ని కాపాడే దారి లేదు. మిగిలింది ఒకటే: నేలమీద ఉన్నవాటిలో ఒక్క చుక్క కూడా లేకుండా ఖాళీ చేయడం. భూమిలో ఉన్న పైపులకు ఆ ఒక్క రాత్రికి భయం లేదు, నవంబర్ నేలలో ఇంకా వేడి ఉంటుంది. పూల్ వైపు వాల్వులు మూశాను. పంపు కింద రెండు, ఫిల్టరు కింద ఒకటి బిరడాలు ఉంటాయి. మొదటిది వచ్చింది. రెండోది మంచుకు బిగుసుకుపోయింది. మా ఆవిడ గిన్నెతో నీళ్ళు పోస్తూ ఉంటే నేను తిప్పుతూ ఉన్నాను. లారీ మట్టి సంగతి ఇద్దరికీ గుర్తుంది.

"ఇంకొంచెం ఎడమకు పొయ్యి," అన్నాను.

"పోస్తున్నా. మీరు తిప్పండి."

వచ్చింది. నీరు మా బూట్ల మీదుగా పారి రాళ్ళ మీద అక్కడికక్కడే గడ్డకట్టింది. ఫిల్టరు ఖాళీ అయ్యాక, భూమిలోంచి పైకి వచ్చే గొట్టాల మొదళ్ళకు ఇంట్లో ఉన్న పాత దుప్పట్లన్నీ చుట్టాం, గరాజ్‌లోని వంద వాట్ల బల్బు తెచ్చి లోపల వేలాడదీశాం. దూరం నుంచి చూస్తే జబ్బు మనిషికి కాపడం పెట్టినట్టుంది. అతిథులు ఆ మంచు మీద జారకుండా ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని, గారెల డబ్బాలు ఛాతీకి హత్తుకుని, కార్లెక్కారు. దీపాల చుట్టూ నీటి మీద సన్నని పొర కట్టింది. అవి ఎటూ పోకుండా ఉన్నచోటే వెలిగి ఆరిపోయాయి.

సోమవారం పూల్ మూసే ఆయన వచ్చాడు. దుప్పట్లు చూసి నవ్వాపుకోలేకపోయాడు. నేను పట్టుబట్టి, ఒక్కో పైపులో గాలి నింపి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూపించమన్నాను. నిలిచింది. రెండోదీ నిలిచింది. అన్నీ నిలిచాయి. నేను ఒత్తిడి చూపే మీటరు ముల్లు దగ్గర వంగి, అది కొంచెమైనా దిగుతుందేమోనని ప్రతిసారీ అతని ఓపిక అయిపోయేదాకా చూశాను. దిగలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ వడ్డిస్తూ అంది:

"పైపులేవీ పగల్లేదు."

"పంపు మూత పగిలింది."

"మీరు మూత అనలేదు. ఒక్క పైపు పగిలినా సరే అన్నారు."

అన్నాను. లెక్క ప్రకారం మూత పైపు కాదు. నా షరతును నేనే అంత ఇరుకుగా రాసుకున్నాను. పూల్ ఉండిపోయింది, మేం ఈ ఇంట్లో ఉన్నంతకాలం.

తోడల్లుడు ఆ శీతాకాలమంతా డాలస్ మిత్రులకు ఫోన్‌లో ఈ కథ చెప్పాడు. ఆ కథలో ఆయన సిస్టమ్ పౌర్ణమిని కాపాడింది. ఏప్రిల్‌లో కొత్త ఉపాయంతో వచ్చాడు.

"తప్పంతా ఒకటే సెన్సర్ ఉండటం వల్ల తమ్ముడూ. ఈసారి రెండు పెడదాం. ఒకటి గోడ మీద, ఒకటి దూరంగా. రెంటికీ యావరేజ్ తీసుకునేట్టు సెట్ చేస్తా. అప్పుడు ఏ పొయ్యీ ఏం చేయలేదు."

"పందొమ్మిదీ, మైనస్ ఏడూ కలిపి సగం చేస్తే ఎంత అన్నయ్యా?"

ఆయన పైకి చూశాడు. పెదవులు కదిలాయి.

"ఆరు."

"ఐదు దాటితే పంపు ఏం చేస్తుంది?"

"అయితే మూడు సెన్సర్లు పెడదాం," అన్నాడు.

మూడు పెట్టలేదు. నేల మెత్తబడ్డాక ఫెన్స్ పక్కన గుంట తవ్వి నేనే ఒక ఇనప స్తంభం పాతాను. వంటింటికి, వెనక తలుపుకు, ఎవరైనా స్టవ్ పెట్టుకోగల ప్రతి మూలకూ దూరం కొలిచి, అన్నిటికీ అవతల పాతాను. కొసన ఒకటే ప్రోబ్. పొడవాటి కొత్త వైరు. నిచ్చెన వేస్తే గానీ మనిషికి అందదు. మట్టి దిమ్మిస చేస్తూ ఉంటే మా ఆవిడ బయటికి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, స్తంభాన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"బాగా ఎత్తుగా ఉందండీ. కార్తీకం మొదలవగానే దీని కొసకు ఆకాశదీపం కట్టుకోవచ్చు. నెలంతా."

నేను దిమ్మిస పక్కన పెట్టాను. దీపం ఎంత పెద్దదని అడిగాను.